అచ్చు వేయని ఆంబోతులు!

ఊళ్లో ఉన్న పెద్ద జట్టు మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయింది. ఖాళీ స్టేడియాన్ని చూసి అందరూ 'ఇక్కడ ఆట చచ్చిపోయింది' అనేశారు. ఒక సినిమా నటుడు మాత్రం 'కాదు' అన్నాడు. ఎవరికీ అక్కర్లేని ఆటగాళ్లను పోగేసి జట్టు కట్టాడు. ఐదంటే ఐదేళ్లు... ఆ ఊరు ఊరంతా స్టేడియానికి కదిలింది. అమెరికా బేస్‌బాల్‌లో ఓ మెరుపు మెరిసి మాయమైపోయిన 'పోర్ట్‌ల్యాండ్ మావెరిక్స్' కథ ఇది.

1973 వేసవి. అమెరికా పశ్చిమ తీరంలోని ఆరెగాన్ రాష్ట్రం, పోర్ట్‌ల్యాండ్ నగరం. సివిక్ స్టేడియానికి ఒక్కొక్కరుగా మనుషులు వచ్చి చేరుతున్నారు. భుజాన సంచి, చేతిలో అరిగిపోయిన తోలు గ్లవ్. కొందరు వందల మైళ్ల దూరం నుంచి వచ్చారు. కొందరికి గడ్డాలు, జులపాలు. ఒకరికి వయసు మీరిందన్నారు, ఒకరు పొట్టి అన్నారు, ఇంకొకరికి నోటి దురుసు ఎక్కువన్నారు. ఏదో ఒక పేరు పెట్టి పెద్ద జట్లు ఇంటికి పంపేసిన వాళ్లే అందరూ.

వాళ్లను పిలిచింది పేపర్లో వచ్చిన ఒక ప్రకటన. సిఫార్సులు అక్కర్లేదు, ఎవరైనా వచ్చి ఆడి చూపించొచ్చన్నది దాని సారాంశం. అక్కడ నిలబడి వాళ్లను ఎంపిక చేస్తున్న పెద్దమనిషి పేరు బింగ్ రసెల్. అమెరికాలో టీవీ ఉన్న ఇంటివాళ్లకు ఆయన ముఖం బాగా తెలుసు. 'బొనాంజా' అనే కౌబాయ్ సీరియల్‌లో డిప్యూటీ షెరీఫ్ క్లెమ్ ఆయనే. ఇక సినిమాల్లోనైతే హీరో చేతిలో కాల్పులకు గురై కిందపడి చనిపోయే పాత్రలు లెక్కలేనన్ని వేశారు. అలాంటాయన బేస్‌బాల్ జట్టు పెట్టడం ఏమిటని ఊరంతా నవ్వింది.

నవ్విన నాపచేనే పండుతుందని వాళ్లకు అప్పుడు తెలీదు!

నారుమడిలో నీటి తగవు

కథలోకి వెళ్లేముందు బేస్‌బాల్ సంగతి కాస్త చెప్పుకోవాలి. మన క్రికెట్‌కి దూరపు చుట్టం లాంటిదా ఆట. బ్యాటు ఉంటుంది, బంతి ఉంటుంది, పరుగులుంటాయి. కానీ బంతి నేలమీద పడి లేవదు, నేరుగా బ్యాటు దగ్గరికి విసురుతారు. విసిరేవాడిని పిచర్ అంటారు. జట్టుకి తొమ్మిది మంది. మ్యాచ్‌కి తొమ్మిది ఇన్నింగ్స్.

అమెరికాలో ఈ ఆటకి పైన మేజర్ లీగ్ ఉంటుంది. న్యూయార్క్ యాంకీస్ లాంటి పేరున్న జట్లన్నీ అందులోవే. దాని కింద మెట్లు మెట్లుగా ఉండేవే మైనర్ లీగ్‌లు. ఒక్కో పెద్ద జట్టుకీ కింద కొన్ని చిన్న జట్లు అనుబంధంగా ఉంటాయి. వాటిని 'ఫార్మ్ టీమ్'లంటారు. మన భాషలో చెప్పాలంటే నారుమళ్లన్నమాట! కుర్రాళ్లను చిన్న ఊళ్లలో పెంచి, కాస్త ఎదగగానే పీకి తీసుకెళ్లి పై మడిలో నాటుకుంటారు. ఆటగాళ్ల జీతాలు పెద్ద జట్టే ఇస్తుంది. చిన్న జట్టు యజమాని టికెట్లు అమ్ముకుంటాడు.

వినడానికి బాగానే ఉన్నా ఇందులో ఒక మెలిక ఉంది. ఎవరు ఆడాలో, ఎవరు వద్దో నిర్ణయించేది ఎక్కడో దూరాన ఉన్న పెద్ద జట్టు. ఊళ్లోవాళ్లు ఒక కుర్రాడిని చూసి ముచ్చటపడి, మనవాడనుకుని ఈలలు వేసేలోపే పైనుంచి పిలుపొస్తుంది. మర్నాటికి ఆ కుర్రాడుండడు. జట్టు గెలవడంకన్నా నారు ఎదగడమే పైవాళ్లకు ముఖ్యం. మరి డబ్బు పెట్టి టికెట్ కొనుక్కున్నవాడి సంగతేమిటి? అది అడిగేవాళ్లుండరు.

పోర్ట్‌ల్యాండ్‌లో సరిగ్గా అదే జరిగింది. 1903లో మొదలైన 'పసిఫిక్ కోస్ట్ లీగ్'లో ఆ నగరానిది తొలినాళ్ల నుంచీ ఉన్న చోటు. అక్కడి 'బీవర్స్' జట్టుకి ఘనమైన చరిత్ర ఉంది. అయితే ఏటికేడు జనం పలచబడ్డారు. 1972 సీజన్ పూర్తవగానే జట్టును స్పోకేన్ నగరానికి తరలించేశారు. ఆ ఖాళీ స్టేడియం మీదే బింగ్ కన్ను పడింది. అక్కడి హక్కుల కోసం నార్త్‌వెస్ట్ లీగ్‌కి ఆయన కట్టింది కేవలం 500 డాలర్లు. అది మైనర్ లీగ్‌లలో బాగా కిందిమెట్టు. జూన్‌లో మొదలై వేసవితోపాటే ముగిసిపోయే చిన్న సీజన్. ఎవరికీ అక్కర్లేని ఊరు, ఎవరికీ పట్టని లీగ్!

అంతకన్నా విచిత్రం ఏమిటంటే, బింగ్ ఏ పెద్ద జట్టు పంచనా చేరలేదు. నారు పోసినవాడు నీరు పోయకపోతాడా అంటారు మనవాళ్లు. ఈ జట్టుకి నారు పోసినవాడే లేడు. జీతం, బత్తెం, బస్సు ఖర్చు... అన్నీ గేటు దగ్గర తెగిన టికెట్ల నుంచే రావాలి.

పేరులోనే ఉంది పెంకితనం

టెక్సాస్‌లో 19వ శతాబ్దంలో శామ్యూల్ మావెరిక్ అనే పెద్దమనిషి ఉండేవాడు. తన పశువులకు అందరిలా కాల్చి ముద్ర వేయించేవాడు కాదు. దాంతో మందలో ముద్రలేని పశువు కనిపిస్తే 'అది మావెరిక్‌ది' అనడం అలవాటైంది. పోనుపోనూ ఎవరి కట్టుబాటుకీ లొంగని మనిషికి ఆ మాట స్థిరపడిపోయింది. ఊరిమీద పడి తిరిగేవాడిని మనం 'అచ్చోసిన ఆంబోతు' అంటాం. వీళ్లు ఏ అచ్చూ వేయని ఆంబోతులు! ఎరుపూ నలుపూ దుస్తులతో, ఎర్రరంగు పూసిన ఒక డొక్కు స్కూలు బస్సులో ఊరూరూ తిరిగే ఆ జట్టుకి అంతకన్నా అతికే పేరు మరొకటి లేదు.

తొలి మ్యాచ్‌కే మావెరిక్స్ సంచలనం సృష్టించారు. వాళ్ల పిచర్ ప్రత్యర్థులకు మ్యాచ్ మొత్తంలో ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. బేస్‌బాల్‌లో 'నో హిట్టర్' అనే ఈ ఘనత మహామహా పిచర్లకు కూడా జీవితకాలంలో ఒక్కసారి దక్కితే గొప్ప. ఏ జట్టూ తీసుకోని వాడొకడు మొదటిరోజే ఆ పని చేసేసరికి నవ్విన నోళ్లు మూతపడ్డాయి.

అసలు బింగ్‌కి ఈ పిచ్చి ఇవాళ్టిది కాదు. ఫ్లోరిడాలో ఆయన చిన్నప్పుడు, 1930ల్లో, న్యూయార్క్ యాంకీస్ జట్టు ఏటా అక్కడికొచ్చి సాధన చేసేది. ఆటగాళ్ల వెంట తిరుగుతూ వాళ్లకు ముద్దుల పిల్లాడైపోయాడు. మహా ఆటగాడు లూ గెరిగ్ జబ్బుతో ఆట మానేసే రోజుల్లో, తన చివరి హోమ్‌రన్ కొట్టిన బ్యాట్‌ను ఆ పిల్లాడి చేతిలో పెట్టాడు. పెద్దయ్యాక బింగ్ కూడా మైనర్ లీగ్‌లో ఆడాడు. తలకు బంతి తగలడంతో ఆ కల అక్కడితో ఆగింది. ఆ తర్వాతే సినిమాలు. అందుకే కల చెదిరినవాడి కష్టం ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. జట్టులో అందరికన్నా ఎక్కువగా 30 మందిని అట్టిపెట్టుకునేవాడు. ఎందుకంటే, కొందరికి చివరిగా ఒక్క సీజన్ ఆడే అవకాశం ఇవ్వాలన్నది ఆయన పట్టుదల. వ్యాపారం తెలిసినవాడెవడూ చేయని పని!

ఇంతకీ ఆయన కొడుకు ఎవరనుకుంటున్నారు? హాలీవుడ్ హీరో కర్ట్ రసెల్. 'ఫ్యూరియస్ 7'లో మిస్టర్ నోబడీగా మన కుర్రాళ్లకూ పరిచయమే. ఆయనా మొదట బేస్‌బాల్ ఆటగాడే. 1973లో భుజం గాయంతో పై లీగ్‌కు దూరమై తండ్రి జట్టులో ఆడాడు. ఆ గాయమే లేకపోతే హాలీవుడ్‌కి ఒక హీరో తక్కువయ్యేవాడేమో!

తిరనాళ్లే తిరనాళ్లు

మావెరిక్స్ ఆట చూడ్డానికి వెళ్లడమంటే తిరనాళ్లకు వెళ్లినట్టే. సిరీస్‌లో అన్ని మ్యాచ్‌లూ గెలిచే ఊపులో ఉంటే జో గార్జా అనే ఆటగాడు చీపురు పట్టుకుని ఊపుతూ జనాన్ని రెచ్చగొట్టేవాడు. 'క్లీన్‌స్వీప్' కదా మరి! జనం కూడా ఇళ్ల నుంచి చీపుళ్లు తెచ్చుకునేవారు. ఊపు మరీ ఎక్కువైతే చీపురుకి నిప్పంటించిన సందర్భాలూ ఉన్నాయి.

జట్టుకి ఒక ఎడమచేతి క్యాచర్ ఉండేవాడు. బ్యాట్స్‌మన్ వెనక కూర్చుని బంతి పట్టే ఆ స్థానంలో ఎడమచేతివాటం వాళ్లను ఎవరూ తీసుకోరు. 'ఎందుకు తీసుకోకూడదు?' అన్నది మావెరిక్స్ ప్రశ్న. ఫ్రాంక్ పీటర్స్ అనే మేనేజర్ 1974లో ఇంకో అడుగు ముందుకేశాడు. ఒక మ్యాచ్‌లో తొమ్మిదిమంది చేతా ఇన్నింగ్స్‌కొక స్థానం చొప్పున మార్చి మార్చి ఆడించాడు. అంటే ప్రతి ఆటగాడూ పిచరే, ప్రతి ఆటగాడూ క్యాచరే. ఇంత చేసీ ఆ మ్యాచ్ గెలిచారు!

సరదా ఒక్కటే అయితే జనం పది రోజులు చూసి మానేస్తారు. కానీ వీళ్లు గెలిచేవారు. ఒక్కో ఏడాదీ ఓటములకన్నా గెలుపులే ఎక్కువ. ఎదుటి జట్ల నిండా పెద్ద క్లబ్బులు డబ్బు పోసి కొనుక్కున్న ఇరవై ఏళ్ల కుర్రాళ్లు. వీళ్లేమో నెలకు 300 డాలర్ల జీతగాళ్లు. వానొస్తే మైదానం మీద పట్టాలు పరిచేదీ వాళ్లే. 'మమ్మల్ని వద్దన్నారుగా' అన్న కసి బంతిబంతికీ కనిపించేది.

ఆఫీసులోనూ బింగ్ పద్ధతి వేరే. స్టేడియం లోపల వ్యాపార సంస్థల ప్రకటనలకు చోటివ్వలేదు. జట్టు వ్యవహారాలు చూసే జనరల్ మేనేజర్‌గా లానీ మాస్ అనే యువతిని నియమించాడు. బేస్‌బాల్‌లో ఆడవాళ్లు ఆ కుర్చీలో కూర్చోవడం ఆ రోజుల్లో ఎవరి ఊహకూ అందని సంగతి. తర్వాత జాన్ యోషివారా అనే 22 ఏళ్ల ఆసియా సంతతి కుర్రాడికి ఆ బాధ్యత ఇచ్చాడు. 'ఇంతకుముందు ఎవరూ చేయలేదు' అన్న మాట ఆయన దగ్గర చెల్లుబాటయ్యేది కాదు.

నిజం రాసి వెలి పడినవాడు

1975లో మావెరిక్స్ గడప తొక్కిన ఓ 36 ఏళ్ల పిచర్‌ని చూసి దేశమంతా ఆశ్చర్యపోయింది. పేరు జిమ్ బౌటన్. 1963లో యాంకీస్ తరఫున 21 మ్యాచ్‌లు గెలిపించిన మొనగాడు. 1964 వరల్డ్ సిరీస్‌లో రెండు విజయాలు ఆయనవే. అలాంటివాడు 1970లో 'బాల్ ఫోర్' అనే పుస్తకం రాశాడు. పెద్దపెద్ద ఆటగాళ్ల తాగుళ్లు, ఉత్సాహం కోసం మింగే మాత్రలు, యజమానుల పిసినారితనం... అన్నీ పూసగుచ్చినట్టు రాసేశాడు. 'ఇదంతా అబద్ధమని సంతకం పెట్టు' అన్నట్టుగా బేస్‌బాల్ కమిషనర్ ఒత్తిడి తెచ్చినా బౌటన్ ఒప్పుకోలేదు. పుస్తకం అమ్ముడుపోయింది, స్నేహితులు దూరమైపోయారు. ఆ ఏడాదే ఆటకు స్వస్తి చెప్పి టీవీలో వార్తలు చదువుకునే పనిలో చేరాడు.

ఐదేళ్ల తర్వాత మళ్లీ బంతి పట్టాలనిపించింది. పట్టనిచ్చే జట్టేది? మావెరిక్స్! పేరుప్రతిష్ఠలున్న మనిషి డొక్కు బస్సులో కుర్రాళ్ల పక్కన కూర్చుని ప్రయాణం చేశాడు. వేగం తగ్గింది కాబట్టి 'నకుల్ బాల్'ని నమ్ముకున్నాడు. బొంగరంలా తిరగకుండా, గాల్లో అటూ ఇటూ ఊగుతూ వచ్చే బంతి అది. 1977లో మరోసారి మావెరిక్స్‌కి ఆడాడు. ఆ మరుసటి ఏడాదే... 39 ఏళ్ల వయసులో అట్లాంటా బ్రేవ్స్ తరఫున మేజర్ లీగ్‌లో అడుగుపెట్టి ఒక మ్యాచ్ గెలిచాడు. ఒక్కటే గెలుపు. కానీ ఎనిమిదేళ్ల వెలి తర్వాత వచ్చిన గెలుపు! 2019లో కన్నుమూసేదాకా ఆయన ఆ రోజుల్ని తలుచుకుంటూనే ఉన్నాడు.

పొగాకు సంచిలో బబుల్‌గమ్

ఆ రోజుల్లో బేస్‌బాల్ ఆటగాళ్లు పొగాకు నమిలి ఉమ్మడం మామూలే. మావెరిక్స్‌లో రాబ్ నెల్సన్ అనే పిచర్‌కి అది గిట్టదు. జట్టుకి బ్యాట్లు అందించే పిల్లవాడు టాడ్ ఫీల్డ్ ఒకరోజు పొగాకు సంచిలోంచి ఏదో తీసి నమలడం చూశాడు. తీరా చూస్తే అది పొగాకు కాదు, సన్నగా తరిగిన నల్లటి అతిమధురం మిఠాయి. 'అలాగే బబుల్‌గమ్‌ని పోగులుగా తరిగి సంచిలో పెట్టి అమ్మితే?' అన్న ఆలోచన నెల్సన్‌కి తట్టింది. బౌటన్‌కి చెబితే ఆయన పెట్టుబడి పెట్టాడు. పోర్ట్‌ల్యాండ్‌లో ఫీల్డ్ వాళ్లింటి వంటగదిలో తొలి దఫా తయారైంది. 1980లో 'బిగ్ లీగ్ చ్యూ' పేరుతో మార్కెట్లోకొచ్చింది. ఇప్పటిదాకా అమ్ముడైన ప్యాకెట్లు 80 కోట్లపైనే!

మరి ఆ బ్యాట్ల పిల్లాడు? అతను పెద్దయి 'ఇన్ ద బెడ్‌రూమ్', 'తార్' లాంటి సినిమాలు తీసి ఆస్కార్ నామినేషన్లు అందుకున్న దర్శకుడయ్యాడు.

గెలిచి ఓడిన ఏడాది

1977 మావెరిక్స్‌కి స్వర్ణయుగం. 66 మ్యాచ్‌లలో 44 గెలిచి లీగ్‌లో అందరికన్నా ముందు నిలిచారు. స్టేడియానికొచ్చినవారు లక్షా పాతికవేలమంది. అంత చిన్న సీజన్‌కి అంత జనం రావడం మైనర్ లీగ్‌ల చరిత్రలోనే రికార్డు. ఇక మిగిలింది ఫైనల్. ప్రత్యర్థి బెల్లింగ్‌హామ్ మెరైనర్స్. ఆ ఏడాదే మేజర్ లీగ్‌లో అడుగుపెట్టిన సియాటెల్ వాళ్ల నారుమడి. మూడు మ్యాచ్‌ల పోరులో చెరొకటి గెలిచారు. మూడోది మావెరిక్స్ చేజారింది. ఐదేళ్లలో ఒక్కసారి కూడా లీగ్ కప్పు వాళ్ల చేతికి రానేలేదు.

అయినా ఆ ఓటమిని మించిన దెబ్బ వెనకాలే వచ్చింది.

పోర్ట్‌ల్యాండ్‌లో జనం లేరని వదిలేసి వెళ్లిపోయిన పసిఫిక్ కోస్ట్ లీగ్ ఇప్పుడు మనసు మార్చుకుంది. ఆ ఊరు మళ్లీ మాకు కావాలంది. నిబంధనల ప్రకారం పైమెట్టు లీగ్ అడిగితే కిందిమెట్టు జట్టు పరిహారం తీసుకుని ఊరు ఖాళీ చేయాల్సిందే. బీడుభూమిని దున్ని, ఎరువేసి, పంట పండించాక పాత ఆసామి వచ్చి 'నా పొలం నాకివ్వు' అన్నట్టుంది వ్యవహారం! మామూలు లెక్కల ప్రకారం వాళ్లు ఇస్తామన్నది 26 వేల డాలర్లు. బింగ్ అడిగింది 2 లక్షల 6 వేలు. అందరూ మళ్లీ నవ్వారు.

విషయం మధ్యవర్తుల ముందుకెళ్లింది. వదిలేసిపోయిన ఊరికి ఇప్పుడు విలువ వచ్చిందంటే అది ఎవరివల్ల వచ్చినట్టు? ఆ విలువ ఎవరికి చెందాలి? తీర్పు బింగ్ వైపే వచ్చింది. అడిగిన 2 లక్షల 6 వేలూ ఇవ్వాల్సిందేనన్నారు. మైనర్ లీగ్ ఊరి హక్కులకు అప్పటిదాకా అంత మొత్తం ఎవరికీ దక్కలేదు. పెట్టిన 500 డాలర్లకు 412 రెట్లు!

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని మన పెద్దలు ఊరికే అనలేదు. బింగ్ చేతికి డబ్బొచ్చింది, జట్టు పోయింది. 1978లో బీవర్స్ తిరిగొచ్చారు. మావెరిక్స్ పేరు చెరిగిపోయింది. 30 మందీ చెట్టుకొకరు పుట్టకొకరయ్యారు. చాలామందికి ఆ డొక్కు బస్సే చివరి ఆట బస్సు.

మనవళ్లు తవ్వి తీసిన నిధి

బింగ్ 2003లో చనిపోయారు. ఆ తర్వాత ఆయన మనవళ్లు చాప్‌మన్ వే, మక్లేన్ వే పాత ఫిల్ములు, పేపర్ కత్తిరింపులు వెతికి తాతగారి జట్టుమీద డాక్యుమెంటరీ తీశారు. 2014లో 'ద బ్యాటర్డ్ బాస్టర్డ్స్ ఆఫ్ బేస్‌బాల్' పేరుతో అది నెట్‌ఫ్లిక్స్‌లోకొచ్చింది. ఇక్కడో ఆసక్తికరమైన సంగతి. ఆ పాత ఫిల్ముల కోసం వెతుకుతున్నప్పుడే, 1980ల్లో ఆరెగాన్‌లో రజనీష్ కట్టిన ఆశ్రమ నగరం గురించిన దృశ్యాలున్నాయని వాళ్లకు తెలిసింది. 2018లో మన దేశంలోనూ అందరూ మాట్లాడుకున్న 'వైల్డ్ వైల్డ్ కంట్రీ' అలా పుట్టిందే!

పోర్ట్‌ల్యాండ్ పక్కనున్న హిల్స్‌బరోలో ఇంటెల్ పుణ్యమా అని తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. 2013 నుంచి ఆ ఊళ్లో 'హాప్స్' అనే మైనర్ లీగ్ జట్టు ఆడుతోంది. నగరంలోని సివిక్ స్టేడియం మాత్రం పూర్తిగా ఫుట్‌బాల్ మైదానమైపోయింది. మళ్లీ వచ్చిన బీవర్స్ కూడా 2010 సీజన్‌తో అక్కడి నుంచి శాశ్వతంగా వెళ్లిపోయారు. 2021లో ఆరెగాన్‌లోనే ఒక కొత్త లీగ్ మావెరిక్స్ పేరును మళ్లీ బయటకు తీసింది. అదే ఏడాది మేజర్ లీగ్ తన అనుబంధ జట్లను 160 నుంచి 120కి కుదించేసింది. నలభై ఊళ్లలో నారుమళ్లు ఎండిపోయాయి. 'జనం లేరు, లాభం లేదు' అన్న పాతపాటే అక్కడా వినిపించింది.

1972లో పోర్ట్‌ల్యాండ్ గురించీ అదే అన్నారు. లేనిది జనమా, జనాన్ని తమవాళ్లనుకునే జట్టా? ఆ ప్రశ్నకు ఐదు వేసవులపాటు మైదానంలో జవాబు చెప్పిందీ అచ్చు వేయని మంద. కప్పు గెలవకపోతేనేం... వద్దన్నవాళ్లే తిరిగొచ్చి వెల కట్టి కొనుక్కోవాల్సినంత ఎత్తుకు ఎదిగారు!